పడుకుంటే కారంతా, నిలబడితే ఒక్క సీటు

“సైకిల్ మనల్ని మొయ్యాలి గానీ, మనమే సైకిల్‌ని కారెక్కించి ఊరేగించడం ఏంటి బాబూ?”

కారులో సైకిల్ పెట్టుకుని వెళ్లే ప్రతివాళ్లకీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. అడిగేది సాధారణంగా వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని పేపర్ చదువుకునే పెద్దాయన. ఆయన అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. ఆయన రోజుల్లో సైకిల్ మీద బియ్యం బస్తా ఎక్కేది, పాల క్యాన్లు ఎక్కేవి, గడ్డిమోపు ఎక్కేది. ముందు కడ్డీ మీద పిల్లాడు, వెనక క్యారేజీ మీద ఇల్లాలు. ఇంతమందిని మోసిన బండిని ఇప్పుడు మనం మోస్తున్నామంటే ఆయనకి నవ్వు రావడం సహజమే.

జవాబు మాత్రం సింపుల్. సైకిల్ తొక్కడానికి బాగుండే చోటికి, మన ఇంటికి మధ్య ఉన్న రోడ్డు సైకిల్ తొక్కేలా లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్‌లో మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకోటి. బాగుంది. కానీ ఉప్పల్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఉండేవాళ్లు అక్కడికి చేరాలంటే ఊరంతా అడ్డంగా దాటాలి. గాజువాక వాళ్లకి విశాఖ బీచ్ రోడ్డు ఉంది, మధ్యలో లారీల హైవే కూడా ఉంది. వికారాబాద్ అనంతగిరి కొండలు, మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ అయితే ఇంటి దగ్గర్నుంచి తొక్కుకుంటూ వెళ్లడం అందరి వల్లా అయ్యే పని కాదు. ఇక పక్కన చిన్న సైకిల్ మీద పదేళ్ల పాప కూడా ఉంటే ఆ మాటే ఎత్తలేం.

కాబట్టి సైకిల్ కారెక్కక తప్పదు. ఎక్కడ, ఎలా ఎక్కించాలన్నదే ఈ వారం సంగతి.

పైనా, వెనకా, లోపలా?

మూడు దారులున్నాయి. మొదటిది కారు టాపు. చూడ్డానికి భలేగా ఉంటుంది. కారు ఎత్తు మీటరున్నర, దాని మీద ర్యాకు, ఆ పైన మీటరు ఎత్తు సైకిల్. మొత్తం రెండున్నర మీటర్లు దాటుతుంది. ఇల్లు చేరేసరికి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, పైన సైకిల్ ఉందన్న సంగతే గుర్తుండదు. సెల్లార్ ర్యాంప్ దగ్గర ఉండే దూలం మాత్రం మర్చిపోదు. పైగా గాలికి అడ్డంగా నిలబడే వస్తువు కాబట్టి మైలేజీ కూడా తగ్గుతుంది.

రెండోది డిక్కీ డోరుకి బెల్టులతో వేలాడదీసే ర్యాకు. ఖర్చు తక్కువ. కానీ చాలా కార్లలో సైకిల్ చక్రాలు నంబర్ ప్లేటునీ, బ్రేక్ లైట్లనీ కప్పేస్తాయి. నంబర్ ప్లేటు కనబడకపోతే చలానా రాస్తారు, బ్రేక్ లైటు కనబడకపోతే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. గుద్దితే ముందు నలిగేది సైకిలే.

మూడోది కారు లోపల. వానకి తడవదు, దుమ్ము పడదు, దారిలో టిఫిన్‌కి ఆగితే ఎవరూ ఎత్తుకుపోరు, నంబర్ ప్లేటు గొడవ లేదు. ఇన్ని లాభాలూ ఉన్నాయి. ఒకే ఒక్క నష్టం ఏంటంటే, లోపల మనుషులు కూడా కూర్చోవాలి.

అసలు తగువు మొదలయ్యేది అక్కడే.

పడుకోబెడితే ఏమవుతుంది?

చాలామంది చేసేది ఇదీ. వెనక సీటు మడిచేస్తారు, పాత దుప్పటి పరుస్తారు, సైకిల్‌ని పక్కకి పడుకోబెట్టి డిక్కీ డోరు మెల్లగా మూస్తారు. మూసుకుంటే అమ్మయ్య అనుకుంటారు.

పెద్దవాళ్ల సైకిల్ పొడవు దాదాపు 170 సెంటీమీటర్లు. ఎత్తు, సీటు దాకా చూస్తే, 95 నుంచి 100 సెంటీమీటర్లు. పడుకోబెట్టామంటే ఆ ఎత్తు కాస్తా వెడల్పు అయిపోతుంది. అంటే కారు వెనక భాగం అంతా ఒక్క సైకిల్‌కే సరి. అయిదుగురు కూర్చునే కారులో ఇద్దరు మిగులుతారు. భార్య, పిల్లలు, అత్తయ్య ఎవరైనా రావాలంటే “ఈసారికి మీరు ఉండండి, వచ్చేవారం అందరం వెళ్దాం” అనాలి. ఆ వచ్చేవారం ఎప్పుడొస్తుందో మనకి తెలుసు, వాళ్లకీ తెలుసు.

సైకిల్‌కి కూడా ఇది మంచిది కాదు. గేర్ల సైకిల్‌కి కుడివైపు, వెనక చక్రం దగ్గర, గేర్లు మార్చే డిరైల్యూర్ వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచేది హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క. అది కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే ఖరీదైన ఫ్రేము విరక్కుండా ముందు ఇదే వంగాలని. కుడివైపు కిందకి వచ్చేలా సైకిల్ పడుకోబెట్టి, స్పీడ్ బ్రేకర్ల మీద నలభై కిలోమీటర్లు వెళ్తే బరువంతా ఆ ముక్క మీదే పడుతుంది. తర్వాత కొండ ఎక్కుతుంటే గేరు పడదు, లేదా ఒకటి వేస్తే ఇంకోటి పడుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్తే హ్యాంగర్ వంగింది అంటాడు. ఎప్పుడు వంగిందో, ఎలా వంగిందో మనకి అర్థం కాదు.

డిస్క్ బ్రేకుల సంగతీ అంతే. ఆ రేకు మందం 2 మిల్లీమీటర్ల కంటే తక్కువ. ప్యాడ్‌కీ దానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో చిన్న వంతు. మీద ఇంకో సైకిల్ పెడల్ ఆనినా, బ్యాగు పడినా కాస్త వంగుతుంది. ఆ తర్వాత చక్రం తిరిగిన ప్రతిసారీ ‘ష్... ష్...’ మంటూనే ఉంటుంది.

రెండు సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే ఇవన్నీ రెండింతలు. మధ్యలో ఎన్ని దుప్పట్లు పెట్టినా పెడల్ ఎక్కడో ఒకచోట దారి వెతుక్కుంటుంది.

నిలబెడితే లెక్క మారుతుంది

ఇప్పుడు అదే సైకిల్‌ని నిలబెడదాం. రోడ్ బైక్ హ్యాండిల్ వెడల్పు దాదాపు 42 సెంటీమీటర్లు. అంటే నిలబడ్డ సైకిల్‌కి కావాల్సిన వెడల్పు కారులో ఒక మనిషి కూర్చునేంత. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

సమస్య పొడవు, ఎత్తు. రెండింటికీ మందు ఒకటే. ముందు చక్రం తీసెయ్యడం.

చక్రం తీస్తే పొడవు 170 నుంచి 135, 140 సెంటీమీటర్లకి వస్తుంది. ఇక ఎత్తు చూద్దాం. చక్రం వ్యాసం దాదాపు 68 సెంటీమీటర్లు కాబట్టి, ముందు ఫోర్కు చివర్లు నేల నుంచి 34 సెంటీమీటర్ల పైన ఉంటాయి. చక్రం లేకుండా ఫోర్కుని కింద ఒక బిగింపులో కూర్చోబెడితే సైకిల్ ముందు భాగం దాదాపు 25 సెంటీమీటర్లు కిందకి దిగుతుంది. మీటరు దగ్గర ఉన్న హ్యాండిల్ 70, 75కి వచ్చేస్తుంది.

వెనక చక్రం ఉన్నచోటే ఉంటుంది కాబట్టి సీటు మాత్రం పెద్దగా దిగదు. అందుకని సీటు గొట్టాన్ని కిందకి దించాలి, లేదా పూర్తిగా తీసెయ్యాలి. తీసేముందు గొట్టం చుట్టూ, అది ఫ్రేములోకి వెళ్లేచోట, ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. మళ్లీ పెట్టేటప్పుడు అదే గుర్తు. సీటు ఎత్తు సెంటీమీటరు మారినా మోకాళ్లు సాయంత్రానికి చెప్తాయి.

కారు వైపు కొలవాల్సినవి మూడు. డిక్కీ డోరు తెరిచినప్పుడు ఉండే ఎత్తు. వెనక సీటు మడిచాక ముందు సీటు వీపు నుంచి డిక్కీ డోరు దాకా పొడవు. వెనక చక్రాల మీద లోపలికి ఉబ్బి ఉండే భాగాల మధ్య వెడల్పు. పొడవు 145 ఉంటే హాయిగా సరిపోతుంది. తక్కువైతే ముందు సీటు కాస్త ముందుకి జరపాలి. డోరు ఎత్తు తక్కువ అనిపిస్తే కంగారు పడొద్దు, లోపలి ఎత్తు సాధారణంగా డోరు కంటే ఎక్కువే. ఫోర్కు వైపు వంచి ముందు లోపలికి పంపి, తర్వాత వెనక చక్రం ఎత్తి పెడితే దూరుతుంది.

మూడు వరసల సీట్లున్న బండ్లకి ఇది మరీ సులువు. మూడో వరస మడిస్తే చాలావరకు పని అయిపోతుంది. హ్యాచ్‌బ్యాకులు, చిన్న ఎస్‌యూవీల్లో అసలు కిటుకు ‘60:40’ అనే మాటలో ఉంది. వెనక సీటు వీపు రెండు ముక్కలుగా మడిచే వీలుంటే, 40 వైపు మడిచి సైకిల్ నిలబెట్టొచ్చు, 60 వైపు ఇద్దరు కూర్చోవచ్చు. ముందు ఇద్దరు. నలుగురు మనుషులు, ఒక సైకిల్. అదే సీటు మొత్తం ఒకే బల్లలా మడిచే మోడల్ అయితే ఈ అవకాశమే లేదు. చాలా కార్లలో తక్కువ ధర వేరియంట్లకి ఒకే బల్ల ఇస్తారు. కారు కొనేటప్పుడు షోరూమ్‌లో సన్‌రూఫ్ ఉందా అని అడుగుతాం గానీ, వెనక సీటు ఎలా మడుస్తారో చూపించమని ఎవరూ అడగరు. ఇంట్లో సైకిల్ తొక్కేవాళ్లుంటే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

మౌంటెన్ బైక్ వాళ్లకి ఒక హెచ్చరిక. మీ హ్యాండిల్ వెడల్పు 72 నుంచి 78 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక మనిషి సీటులో పట్టదు. మూడో వరస మడిచే బండి అయితే సరే, లేదంటే హ్యాండిల్‌ని స్టెమ్ దగ్గర విప్పి పక్కకి తిప్పాల్సి వస్తుంది.

ఒక ప్లైవుడ్ ముక్క, రెండు బోల్టులు

ముందు చక్రం తీసిన సైకిల్ దానంతటది నిలబడదు. ఫోర్కుని పట్టుకునే బిగింపు కావాలి. దాన్ని ఫోర్క్ మౌంట్ అంటారు. సైకిల్ సామాన్లు అమ్మే షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అరచేతిలో పట్టేంత అల్యూమినియం దిమ్మ, దానికి అడ్డంగా ఒక ఇరుసు, చివర ఒక మీట.

ఈ మీటకి వెనక ఒక కథ ఉంది. 1927లో ఇటలీ కొండల్లో ఒక రేసు జరుగుతోంది. మంచు పడుతోంది. చక్రం విప్పాలంటే రెక్కల నట్లు తిప్పాలి, అవి గడ్డకట్టి కదల్లేదు, వేళ్లు కొంకర్లు పోయాయి, గెలవాల్సిన రేసు పోయింది. ఆ రేసులో ఉన్న తుల్లియో కంపాన్యోలో అనే కుర్రాడు ఆ కోపంతోనే, పానా లేకుండా మీట తిప్పితే ఊడొచ్చే ఇరుసు కనిపెట్టాడని సైక్లిస్టులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1933లో ఆయన పెట్టిన కంపెనీ ఇంకా నడుస్తోంది. మనం సెల్లార్‌లో అర నిమిషంలో చక్రం తీసి పక్కన పెడుతున్నామంటే ఆ మీట పుణ్యమే.

ఫోర్క్ మౌంట్ కొనేముందు మీ సైకిల్ ఇరుసు ఏ రకమో చూసుకోండి. మీటతో ఊడిపోయే సన్న కడ్డీ అయితే దాన్ని క్విక్ రిలీజ్ అంటారు, ఫోర్కు లోపలి వెడల్పు 100 మిల్లీమీటర్లు. కొత్త డిస్క్ బ్రేక్ సైకిళ్లకి లావు ఇరుసు ఉంటుంది, దాన్ని పూర్తిగా బయటికి లాగాలి. అది త్రూ యాక్సిల్. రోడ్ బైకులకి 12 మిల్లీమీటర్లది, మౌంటెన్ బైకులకి చాలావరకు 15ది. ఒకదాని మౌంటు ఇంకోదానికి పట్టదు, అడాప్టర్ కావాలి. అసలు నట్లతో బిగించిన మామూలు సైకిల్ అయితే పానా వెంట ఉంచుకోవాలి.

ఇక చెక్క. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కారు వెనక నేల కొలతకి కోయించుకోవాలి. ఇంట్లో వార్డ్‌రోబ్ పని చేసిన కార్పెంటర్‌ని అడిగితే మిగిలిన ముక్కలోంచే కోసిస్తాడు. ఫోర్క్ మౌంట్‌ని చెక్క స్క్రూలతో బిగించొద్దు. సైకిల్ అటూ ఇటూ ఊగే కొద్దీ స్క్రూలు వదులై ఊడొస్తాయి. చెక్కకి ఇటునుంచి అటు కన్నం వేసి, కింద పెద్ద వాషర్ పెట్టి, నట్టు బోల్టు వెయ్యాలి. కింద నట్టు కారు నేలని గీరకుండా పాత యోగా మ్యాటు పరిస్తే సరి. చెక్క జారకుండా కూడా అదే పట్టుకుంటుంది.

కొన్ని కార్లలో సీటు మడిస్తే నేల సమంగా రాదు, మెట్టులా పైకి లేస్తుంది. అలాంటప్పుడు చెక్క పొడవుగా ఉండాలి, గాల్లో ఉన్న భాగం కింద ఇంకో దిమ్మ ఆనించాలి. ముందు భాగం పైకి లేచింది కాబట్టి హ్యాండిల్ కూడా అంతే పైకి వెళ్తుంది. ఆ లెక్క కార్పెంటర్ దగ్గరికి వెళ్లకముందే వేసుకోండి.

రెండు సైకిళ్లు పక్కపక్కన పెట్టాలంటే రెండు మౌంట్లూ ఒకే గీత మీద పెట్టొద్దు. ఒకటి కాస్త ముందుకి, ఒకటి కాస్త వెనక్కి. లేదంటే హ్యాండిల్ బార్లు రెండూ ఎడ్ల కొమ్ముల్లా కొట్టుకుంటాయి. అసలు కుదరకపోతే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిరిగి ఉండేలా పెట్టండి.

చిన్నపిల్లల సైకిల్ అయితే ఈ తతంగం ఏదీ అక్కర్లేదు. చక్రం తీయకుండానే చాలా కార్లలో నిలబడుతుంది. బెల్టు ఒక్కటి వేస్తే చాలు.

సైకిల్‌కి కూడా బెల్టు

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. కారు లోపల సైకిల్ పెట్టడంలో నిజంగా ప్రమాదం అంటూ ఉంటే అది ఇదే.

గంటకి 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. లోపల ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకి 14 రెట్ల బలంతో ముందుకి దూకుతుంది. 10 కిలోల సైకిల్ ఆ క్షణంలో 140 కిలోల వస్తువు. దానికి పళ్లచక్రం ఉంది, పెడళ్లు ఉన్నాయి, బ్రేక్ మీటలు ఉన్నాయి. దాని ముందు మన మనుషులున్నారు.

2022 సెప్టెంబర్‌లో పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు, వెనక సీటు వాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలన్న మాట దేశమంతా మార్మోగింది. నిజానికి ఆ నిబంధన అంతకు ముందే ఉంది. బెల్టు లేని మనిషి ఎంత ప్రమాదమో, బెల్టు లేని సైకిల్ కూడా పక్కవాళ్లకి అంతే ప్రమాదం.

అందుకని మూడు కట్లు. ఒకటి, ఫోర్కు మౌంట్‌లో మీట గట్టిగా పడాలి. అరచేతితో నొక్కితే అచ్చు పడేంత గట్టిగా. రెండు, ప్లైవుడ్ చెక్కని కారుకి కట్టాలి. చాలా కార్ల డిక్కీ నేలలో, పక్కల్లో ఇనుప కొక్కేలు ఇస్తారు, సామాను కట్టడానికే. చెక్కని వాటికి కట్టకపోతే సైకిల్ చెక్కతో సహా ముందుకి వస్తుంది, ఇంకా బరువుగా. మూడు, వెనక చక్రాన్ని కూడా విడిగా ఒక బెల్టుతో బిగించాలి.

బెల్టు అంటే బెల్టే. హుక్కులున్న రబ్బరు తాళ్లు స్కూటర్ మీద కూరగాయల సంచీకి బాగానే ఉంటాయి. సాగేది ఏదైనా అవసరమైన క్షణంలో సాగుతుంది. లారీల వాళ్లు వాడే రాచెట్ బెల్టులు, సన్నవి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. చక్రం ఊచల మీద కాకుండా ఫ్రేము మీద, రిమ్ము మీద వెయ్యండి. తీసిన ముందు చక్రానికి కూడా ఒక సంచీ, ఒక కట్టు ఉండాలి, డిస్కు వైపు ఏదీ ఆనకుండా.

మనుషుల్ని కూర్చోబెట్టడంలోనూ పద్ధతి ఉంది. సైకిల్ పక్క సీటులో పెద్దవాళ్లు కూర్చుంటే మంచిది, పిల్లలు ఆ చివర. చెక్క ముందు అంచు ముందు సీటు వీపుకి ఆని ఉండాలి, జరగడానికి ఖాళీ ఉండకూడదు. పక్క కిటికీల పైన ఎయిర్‌బ్యాగులున్న కారైతే హ్యాండిల్ కిటికీకి ఆనకుండా చూడండి. డ్రైవర్‌కి వెనక అద్దంలో కొంతైనా రోడ్డు కనబడాలి. ఇన్ని చేసినా, మనం చేయించుకున్న ప్లైవుడ్ చెక్క కంపెనీవాళ్లు పరీక్షలు చేసి ఇచ్చిన సీటుతో సమానం కాదు. కాబట్టి సైకిల్ లోపల ఉన్న రోజు ఎక్స్‌ప్రెస్ హైవే మీద కూడా కుడి చివరి లేను మనది కాదనుకోవాలి.

చిన్న చిన్న సంగతులు

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులుంటే, ముందు చక్రం తీశాక పొరపాటున కూడా ముందు బ్రేకు మీట నొక్కొద్దు. నొక్కితే ప్యాడ్లు దగ్గరైపోతాయి, మళ్లీ డిస్కు దూరదు. ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. సైకిల్‌తో పాటు వచ్చింది పోయిందంటే గట్టి అట్ట ముక్క మడిచి పెట్టినా చాలు. పిల్లలకి హ్యాండిల్ కనబడితే నొక్కకుండా ఉండరు కదా.

గేరుని వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదకి మార్చి పెట్టండి. డిరైల్యూర్ లోపలికి ముడుచుకుంటుంది. చైను మీద పాత లుంగీ చుట్టండి. ఆ నల్లటి జిడ్డు సీటు కవర్‌కి ఒక్కసారి అంటిందా, తర్వాతి ఆదివారం సైకిల్‌కే కాదు, మీకూ కారులో చోటు కష్టం.

మే నెల ఎండలో సైకిల్‌ని అద్దాలు మూసిన కారులో వదలాల్సి వస్తే టైరులో గాలి కాస్త తగ్గించండి. 25 డిగ్రీల చల్లటి పొద్దున 100 పీఎస్‌ఐ కొట్టిన టైరు, లోపలి వేడి 60 డిగ్రీలకి చేరితే 113 దాకా వెళ్తుంది.

తొక్కే చోటికి వెళ్లాక చక్రం పెట్టేటప్పుడు తొందర వద్దు. క్విక్ రిలీజ్ కడ్డీకి రెండు వైపులా శంఖం లాంటి చిన్న స్ప్రింగులుంటాయి, వాటి సన్నటి కొన చక్రం వైపు ఉండాలి. సైకిల్ నేల మీద నిలబెట్టి, చక్రం పూర్తిగా గాడిలో కూర్చున్నాకే మీట మూయండి. చక్రం తిప్పి చూడండి, బ్రేకు రెండుసార్లు నొక్కి చూడండి. సీటు గొట్టం టేపు గుర్తు దాకా వచ్చిందో లేదో చూసుకోండి. రెండు నిమిషాల పని. కొండ దిగేటప్పుడు ఆ రెండు నిమిషాలే కాపాడతాయి.

ఎవరి సీటు?

ఈ కొలతలన్నీ ఎందుకు చెప్పానంటే, మన ఇళ్లలో సైకిల్ ఒక్కరి సరదాగా మిగిలిపోవడానికి సగం కారణం కారులో చోటే. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం, చప్పుడు చేయకుండా తలుపు, సెల్లార్‌లో సీట్లు మడవడం, ఇంట్లోవాళ్లు లేచేసరికి ఒకరు లేరు. తొమ్మిదింటికి తిరిగొచ్చాక సెలవు సగం అయిపోయి ఉంటుంది. “మీ సైకిలే మీకు ఎక్కువ” అన్న మాట ఊరికే రాదు. వెనక సీటు మొత్తం దానికిచ్చి మనల్ని ఇంట్లో వదిలి వెళ్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఇంట్లో రెండు సైకిళ్లున్నా, కారులో ఒకటే పట్టినప్పుడు ఆగిపోయేది ఎవరిది? చాలా ఇళ్లలో ఆవిడదే. పెళ్లయిన కొత్తలో ఇద్దరికీ కొనుక్కుంటారు. రెండేళ్లకి ఒకటి కొండలెక్కుతుంటుంది, ఇంకోటి బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొస్తుంటుంది. ఎవరూ ఎవరినీ వద్దనలేదు. చోటు లేదు అంతే.

సైకిల్ నిలబడితే ఆ చోటు దొరుకుతుంది. ఒకరి సీటు మాత్రమే తీసుకుంటుంది కాబట్టి మిగతావాళ్లకి కూడా కారులో పిలుపు ఉంటుంది. తొక్కేవాళ్లు తొక్కుతారు, అత్తయ్య అనంతగిరి గుడిలో దణ్ణం పెట్టుకుంటారు, పాప తన చిన్న సైకిల్ తెచ్చుకుంటుంది. అందరూ అదే పొద్దున్న, అదే కారులో. ఇడ్లీ దగ్గర అందరూ కలుస్తారు. ఫ్యామిలీ కారు అన్న పేరుకి అప్పుడే అర్థం.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. ప్లైవుడ్ ముక్క, ఫోర్క్ మౌంట్, రెండు మూడు బెల్టులు. కొత్త కారు కొనక్కర్లేదు, టాపు మీద ర్యాకు బిగించక్కర్లేదు. ముందు ఈ శనివారం సాయంత్రం టేపు పట్టుకుని సెల్లార్‌లోకి దిగండి. ఒక చివర మీరు పట్టుకోండి, రెండో చివర ఇంట్లోవాళ్లని పట్టుకోమనండి. ఎవరి సీటు మడవాలో అక్కడే, అందరూ ఉండగానే తేలిపోతుంది.